జబ్బు ఫ్రిజ్జుదా, ఇంటిదా? సీమ ఎండల్లో ఫ్రిజ్జు సంరక్షణపై ఒక సమీక్ష

మే నెల మూడో వారం. కర్నూల్లో మధ్యాహ్నం రెండు గంటలకు మా వంటింటి గోడకున్న థర్మామీటరు 39 డిగ్రీలు చూపిస్తోంది. ఫ్రిజ్జులో పెట్టిన పాలు విరిగిపోయాయి. మూడు రోజులుగా కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. గ్యాస్ అయిపోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం. పాతబస్టాండు వైపు నుంచి వచ్చిన మెకానిక్ భాయ్ పనిముట్ల సంచి కింద పెట్టాడు గానీ తెరవలేదు. ఫ్రిజ్జుకూ పక్కగోడకూ మధ్య చెయ్యి పెట్టబోయాడు. పట్టలేదు. ఫ్రిజ్జు పక్కరేకు మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

"సార్, దీన్ని గూట్లో ఇరికిచ్చినారు గదా, లోపలి వేడి యాడికి పోవాల? ముందు రోంత ఇవతలికి లాగండి. రేపటికీ సల్లగా కాకుంటే అప్పుడు పిలవండి" అన్నాడు.

లాగాం. వెనక కంప్రెసర్ చుట్టూ పేరుకున్న దుమ్ము చీపురు కట్టకు ముద్దలుగా తగులుకుంది. మర్నాటి పొద్దునకి లోపల గ్లాసులో పెట్టిన నీళ్లు 5 డిగ్రీలకు దిగాయి. ఆ ఎండాకాలమంతా ఫ్రిజ్జు మళ్లీ మొరాయించలేదు.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఫ్రిజ్జుకు వచ్చే జబ్బుల్లో ఏది యంత్రానిది, ఏది ఇంటిది? దీని మీద మనకు మూడు గొంతులు వినిపిస్తాయి. ఫ్రిజ్జుతో పాటు వచ్చే కంపెనీ పుస్తకం ఒకటి. మెకానిక్ అనుభవం ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలు మూడోది. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ మూడూ ఒక్కోచోట ఒకదాన్నొకటి కాదంటాయి. మన ఎండకు, మన దుమ్ముకు, మన కరెంటుకు వాటిలో ఏది నిలుస్తుందో ఒక్కచోట పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్రిజ్జు చలువను పుట్టించదు

ముందు ఒక అపోహ తొలగాలి. ఫ్రిజ్జు చలువను తయారు చేయదు. లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తుంది. లోపలి గొట్టాల్లో గ్యాస్ ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని ఒత్తి వేడెక్కించి కండెన్సర్ గొట్టాల్లోకి పంపుతుంది. అక్కడ వేడి గదిలోకి పోయాక గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది. చాలా సన్నని కేపిలరీ గొట్టం దాటి లోపలికి వచ్చి మళ్లీ ఆవిరవుతుంది. ఈ చక్రం ఎన్నేళ్లు తిరిగినా గ్యాస్ ఖర్చయ్యేది కాదు.

ఇందులో మనకు ముఖ్యమైన సంగతి ఒక్కటే. కండెన్సర్ తన వేడిని వదులుకోవాలంటే గదికన్నా వేడిగా ఉండి తీరాలి. గది 25 డిగ్రీలుంటే పని సులువు. గదే 40 డిగ్రీలుంటే కండెన్సర్ 50 దాటాలి. అప్పుడు కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కువసేపు తిరుగుతుంది, మీటరూ తిరుగుతుంది.

ఎంత వేడిగదిలో ఏ ఫ్రిజ్జు పని చేయాలన్నదానికి అంతర్జాతీయంగా నాలుగు తరగతులున్నాయి. ఎస్‌ఎన్ అంటే 10 నుంచి 32 డిగ్రీలు, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టీ అంటే 16 నుంచి 38, టీ అంటే 16 నుంచి 43 డిగ్రీలు. ఈ అక్షరం ఫ్రిజ్జుకు అంటించిన వివరాల పట్టీ మీద గానీ, పుస్తకంలో గానీ ఉంటుంది. అన్నిటికన్నా వేడిని తట్టుకునే టీ తరగతికి కూడా హద్దు 43 డిగ్రీలే. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండాకాలం ఆ అంకెను దాటిన రోజులు మనందరం చూసినవే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకునే నేల ఇది. ఇంటిలోపల నీడ ఉన్నా, పగలంతా కాగిన మిద్దె రాత్రి పన్నెండు దాకా వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. అంటే మన దగ్గర ఫ్రిజ్జు తన శక్తి అంచున పని చేస్తోంది. అలాంటి యంత్రానికి గోడ అడ్డం పెట్టడం, దుమ్ము దుప్పటి కప్పడం, బలహీనమైన కరెంటు ఇవ్వడం, ఈ మూడూ చిన్న తప్పులు కావు.

చోటు, గాలి, దుమ్ము

పాత ఫ్రిజ్జుల వెనక నల్లటి జాలీలాంటి గొట్టాలు కనపడేవి. ఇప్పటి చాలా మోడళ్లలో ఆ గొట్టాలు పక్కరేకుల లోపలికి వెళ్లిపోయాయి. అందుకే పక్కలు వేడెక్కుతాయి. చెయ్యి పెట్టి చూసి ఫ్రిజ్జు కాలిపోతోందని భయపడి ఫోన్ చేసేవాళ్లున్నారు. భయం అక్కర్లేదు, అది పని చేస్తున్నదానికి గుర్తు. భయపడాల్సింది ఆ పక్కను గోడకు ఆనించినప్పుడు.

మన ఇళ్లలో కొత్తగా ఒక అలవాటు వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడే వంటింట్లో కడప బండలతో ఫ్రిజ్జుకు కొలత పెట్టి గూడు కట్టించుకుంటారు. చూడ్డానికి పొందికగా ఉంటుంది. కానీ ఫ్రిజ్జు వదిలిన వేడి ఆ బండల్లోకే ఎక్కి మళ్లీ ఫ్రిజ్జు మీదికే వస్తుంది. ఇక్కడ కంపెనీ పుస్తకం, మెకానిక్ ఇద్దరూ ఒకే మాట చెబుతారు. ఎంత ఖాళీ వదలాలో పుస్తకంలో రాసి ఉంటుంది, అంత వదలాలి. పుస్తకం పోయి ఉంటే, వెనకా పక్కలా కనీసం మన చెయ్యి ధారాళంగా ఆడేంత, పైన జానెడు వదిలితే మంచిది. పైన పరిచే అల్లిక గుడ్డలు, దాని మీద స్టెబిలైజరు, దాని మీద దేవుని క్యాలెండర్ల కట్ట, ఇవన్నీ తీసేయాలి. స్టౌ పక్కన, పడమటి కిటికీ ఎండ నేరుగా తగిలేచోట పెట్టకూడదు. ఇంట్లో పడమటి గోడ లేని గది ఏదో చూసుకోవడం ఫ్రిజ్జుకు మనం చేయగల మొదటి మేలు.

దుమ్ము సంగతి మనకు మరీ ప్రత్యేకం. ఆరు నెలలకోసారి కండెన్సర్ శుభ్రం చేసుకోమని చాలా పుస్తకాలు చెబుతాయి. ఆ సలహా బెంగళూరుకు సరిపోవచ్చు. బేతంచెర్లలో నాపరాయి పాలిష్ పొడి గాలిలో తేలే వీధులకు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు దుమ్ము కిటికీ చువ్వల మీద పొద్దునకే తెల్లగా పేరుకునే ఇళ్లకు అది చాలదు. ఎర్రగుంట్లలో మా చెల్లెలు వాళ్లింట్లో నెలకోసారి శుభ్రం చేసినా వెనక తట్టలో బూడిదరంగు పొర కనిపిస్తుంది. ఇలాంటి ఊళ్లలో ఎండాకాలం నాలుగు నెలలూ నెలకోసారి, మిగతా కాలం రెండు నెలలకోసారి చేయాలి. పని పెద్దదేం కాదు. ప్లగ్గు పీకాలి. వెనకవైపు కింద కంప్రెసర్ దగ్గర, గొట్టాలు బయటికి ఉంటే వాటి మీద, మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. తడిగుడ్డ పెట్టకూడదు. కరెంటు తీగలు లాగకూడదు.

మన వాతావరణంలో ఒక మంచి కూడా ఉంది. కోస్తాలో గాలి తడిగా ఉంటుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తేమ లోపలికి వెళ్లి మంచు కడుతుంది. సీమలో గాలి పొడి. అందుకే ఒంటితలుపు ఫ్రిజ్జులో మంచు ఇక్కడ నెమ్మదిగా పేరుకుంటుంది. ఫ్యాను, హీటరు, టైమరుతో మంచును తానే కరిగించుకునే ఫ్రాస్ట్‌ఫ్రీ మోడల్ వైపే దుకాణంలో మొగ్గు చూపిస్తారు. కానీ నలుగురున్న ఇంటికి, అందులోనూ మెకానిక్ పక్క ఊరి నుంచి రావాల్సిన పల్లెకు, పాడయ్యే భాగాలు తక్కువగా ఉన్న ఒంటితలుపు ఫ్రిజ్జే మేలన్నది నా అభిప్రాయం.

అయితే అందులో మంచు అరంగుళం మందం కాకముందే బటన్ నొక్కి కరిగించాలి. కత్తితో, అట్లకాడతో పొడవడం ఈ ఫ్రిజ్జులకు మనం చేసే అతిపెద్ద హాని. ఫ్రీజరు గోడ పలుచని అల్యూమినియం. ఒక్క పోటుకు చిల్లుపడి గ్యాస్ అంతా బుస్సుమని పోతుంది. తొందరగా కరగాలంటే లోపల గిన్నెతో వేడినీళ్లు పెట్టి తలుపు తీసి ఉంచితే చాలు.

కరెంటు: వోల్టేజి, న్యూట్రల్, ఎర్త్

మన ఇంటికి రావాల్సిన వోల్టేజి 230. ఆరు శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 దాకా, అనుమతి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివర ఉన్న ఇళ్లలో, ఎండాకాలం ఏసీలు, మోటార్లు ఒక్కసారి నడిచే వేళ ఇది బాగా దిగిపోతుంది. పాతరకం కంప్రెసర్‌కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ బలం కావాలి. వోల్టేజి చాలకపోతే అది కదల్లేక గుమ్మని మూలుగుతుంది, వేడెక్కుతుంది. కాలిపోకుండా ఓవర్‌లోడ్ అనే చిన్న రక్షకం టిక్కుమని కరెంటు ఆపేస్తుంది. కాసేపటికి మళ్లీ టిక్కు, మళ్లీ మూలుగు. ఈ చప్పుడు విన్నప్పుడు కంప్రెసర్ పోయిందనుకునే ముందు వోల్టేజి చూడాలి. తర్వాత కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే చూడాలి. రిలే చిన్న భాగం, తక్కువ ఖర్చు. కంప్రెసర్ దానికి ఎన్నో రెట్లు.

కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడూ ఇదే ఇబ్బంది. గొట్టాల్లో ఒత్తిడి సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే ఆపిన ఫ్రిజ్జును ఐదు నిమిషాలు ఆగి వేయమంటారు. స్టెబిలైజర్‌లో ఆలస్యపు టైమరు ఉంటే ఆ పని అదే చేస్తుంది.

స్టెబిలైజరు కావాలా, అక్కర్లేదా అన్నచోట రెండు గొంతులు విడిపోతాయి. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్జులకు అక్కర్లేదని కంపెనీలు చెబుతాయి. తప్పనిసరి అని మెకానిక్‌లు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు ఇళ్ల గురించి. ఇన్వర్టర్ కంప్రెసర్ మెల్లగా వేగం పెంచుకుంటుంది కనుక వోల్టేజి తగ్గినా తట్టుకుంటుంది. అది ఏ హద్దుల మధ్య పనిచేస్తుందో ఫ్రిజ్జు మీదే రాసి ఉంటుంది. మీ వీధిలో వోల్టేజి ఆ హద్దు దాటకపోతే స్టెబిలైజరు దండగ. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 230 బదులు 400 దాకా వచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ముందు కాలేది ఇన్వర్టర్ బోర్డే. అలా జరిగే ఊళ్లలో, ఎక్కువ వోల్టేజి వస్తే పూర్తిగా ఆపేసే స్టెబిలైజరు పెట్టుకోవడం తెలివైన పని. వోల్టేజి రోజూ తగ్గుతుంటే, లైట్లు ఒక్కసారిగా మిరుమిట్లుగా వెలిగితే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. అది మన హక్కు.

ఇక ఎర్త్. ఈ మొత్తం సమీక్షలో ప్రాణం మీదికి వచ్చే విషయాల్లో ముఖ్యమైనది ఇది. ఒక ఏప్రిల్‌లో మా అమ్మ అంది: "ఫ్రిజ్జు పట్టుకుంటే జివ్వుమంటాది నాయనా." బండలు కడిగిన తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి తలుపు తీస్తోంది ఆమె. నేను చెప్పులేసుకుని పట్టుకుంటే ఏమీ తెలియలేదు. పెరట్లో ఎర్త్ గుంత మూత తీశాను. లోపల ఒక్క చుక్క తడి లేదు. బొగ్గు, ఉప్పు, మట్టి పొడిపొడిగా ఉన్నాయి. రాతినేల, వానలు తక్కువ. ఎండాకాలం నేల ఎండితే కరెంటు భూమిలోకి దిగడానికి దారి మూసుకుపోతుంది. నాలుగు బిందెల నీళ్లు పోశాం. సాయంత్రానికి జివ్వు పోయింది.

అక్కడితో ఆగకూడదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ఎర్త్ సరిగ్గా లేనప్పుడు ఫ్రిజ్జు రేకుకు కొద్దిపాటి జివ్వు రావచ్చు. కానీ లోపల తీగ పొర చిరిగి, లేదా ఎలుక కొరికి లీకేజీ ఉంటే అది చంపగలదు. ఆయన మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిచాడు. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించాడు. ఇంట్లో లీకేజీ జరిగితే సెకను తిరక్కముందే కరెంటు ఆపేసే పరికరం అది. సీమలో ప్రతి ఇంటికీ నేను చెప్పేది: మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి. మూడుకాళ్ల ప్లగ్గును రెండుకాళ్ల అడాప్టర్‌లో దూర్చకండి. షాక్ కొట్టే ఫ్రిజ్జును చెప్పులేసుకుని వాడుకుంటూ రోజులు నెట్టకండి.

గ్యాస్ అయిపోయిందన్న మాట

ఫ్రిజ్జు చల్లబడకపోతే మనకు మొదట వచ్చే అనుమానం గ్యాస్ మీదే. గ్యాస్ మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంది. వాడకంలో తగ్గిపోదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉంది. చిల్లు వెతకకుండా గ్యాస్ ఎక్కించడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. సరైన మెకానిక్ ముందు నైట్రోజన్ పెట్టి సబ్బునురగతో చిల్లు పట్టుకుంటాడు. దాన్ని మూసి, ఫిల్టర్ డ్రయర్ మార్చి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, తూకం వేసి గ్యాస్ నింపుతాడు. ఈ పనుల్లో ఏది మానేసినా కొన్ని నెలల్లో మళ్లీ అదే బాధ.

ఏ గ్యాస్ అన్నది కూడా తెలుసుకోవాలి. తొలినాళ్ల ఫ్రిజ్జుల్లో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు ఉండేవి. అవి లీకై ప్రాణాలు పోతుంటే, ఐన్‌స్టీన్ తన మిత్రుడు లియో జిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలే లేని ఫ్రిజ్జు రూపొందించి 1930లో అమెరికాలో పేటెంట్ పొందారు. తర్వాత వచ్చిన ఆర్-12 మనిషికి హాని చేయలేదు గానీ ఓజోన్ పొరను తిన్నది. 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని ఆపింది. భారతదేశం 2010 నాటికి ఆ రకం వాయువుల తయారీ మానేసింది. దాని తర్వాతిదైన ఆర్-134ఏ ఓజోన్‌ను ముట్టదు కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇప్పుడు కొత్త ఫ్రిజ్జుల్లో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. భూమికి దాదాపు హాని లేదు. కానీ మండుతుంది. చాలా ఇంటి ఫ్రిజ్జుల్లో అది వంద గ్రాముల లోపే ఉంటుంది కనుక మామూలు వాడకంలో భయం లేదు. మరమ్మతు చేసేటప్పుడే జాగ్రత్త. గ్యాస్ ఉండగా మంట పెట్టి గొట్టం అతికించకూడదు. కిటికీలు తెరవాలి, స్టౌ ఆపాలి. ఒక రకం గ్యాస్ ఫ్రిజ్జులో ఇంకో రకం, అంతకన్నా ఘోరంగా వంటగ్యాస్, ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి. మీ ఫ్రిజ్జు పట్టీ మీద గ్యాస్ పేరూ గ్రాములూ రాసి ఉంటాయి. మెకానిక్‌కు దాన్ని చూపించి, తూకం తెచ్చావా అన్నా అని అడగండి.

లక్షణం చూసి జబ్బు పట్టడం

కొన్ని లక్షణాలను ఇంట్లోనే చదవొచ్చు. లైటు కూడా వెలగకపోతే ప్లగ్గు, సాకెట్టు, ఫ్యూజు చూడాలి. లైటు వెలిగి కంప్రెసర్ మూలిగి ఆగుతుంటే వోల్టేజి, రిలే. కంప్రెసర్ నిరంతరం తిరుగుతూ చలువ చాలకపోతే చోటు, దుమ్ము, తలుపు రబ్బరు ముందు, గ్యాస్ చివర. రబ్బరును పరీక్షించడం సులువు. తలుపులో ఒక పాత పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగండి. నోటు ఊడి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. సబ్బునీళ్లతో జిడ్డు తుడిచి, ఎండాకాలం ముందు వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఒత్తితే వంకరపోయిన రబ్బరు చాలావరకు సర్దుకుంటుంది. చీలిపోయి ఉంటే మార్చాలి.

ఫ్రాస్ట్‌ఫ్రీలో ఎక్కువమందిని తికమక పెట్టేది ఒకటుంది. పైన ఐసు గడ్డకడుతుంది, కింద కూరగాయలు వాడిపోతాయి. గ్యాస్ తగ్గిందని చెబుతారు. నిజానికి చాలాసార్లు అక్కడ జరిగేది వేరు. ఫ్రీజరు వెనక పలక చాటున మంచు గోడలా పేరుకుని, చల్లగాలి కిందికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఫ్రిజ్జును పూర్తిగా ఆపి తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద గుడ్డలు పరవండి. మళ్లీ వేశాక వారం పదిరోజులు చక్కగా పని చేసి మళ్లీ అదే వరస అయితే జబ్బు డీఫ్రాస్ట్ భాగాల్లో ఉంది. హీటరు గానీ, బైమెటల్ గానీ, టైమరు గానీ పోయిందన్నమాట. గ్యాస్ ఖర్చు తప్పినట్టే.

లోపల కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలిస్తే వెనకగోడ కిందనున్న చిన్న రంధ్రం మూసుకుపోయింది. కొత్తిమీర కాడో, అన్నం మెతుకో అడ్డం పడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొట్టి మెత్తని తీగతో కదిపితే పోతుంది. చప్పుడు ఎక్కువైతే నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయో లేదో చూడాలి. మన బండల నేల ఎప్పుడూ సమంగా ఉండదు. లోపల ఎంత చల్లగా ఉందో తెలుసుకోవాలంటే నడిమి అరలో గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు పెట్టి రాత్రంతా ఉంచండి. 4 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రీజరు మైనస్ 18 దగ్గర ఉండాలి. రెగ్యులేటర్ మీది అంకెలు డిగ్రీలు కావు. పెద్ద అంకెకు ఎక్కువ చలువ, అంతే. ఎండాకాలం దాన్ని చివరిదాకా తిప్పేస్తే కంప్రెసర్‌కు విశ్రాంతి లేకుండా పోతుంది. మధ్య అంకె కన్నా ఒకటి రెండు ఎక్కువ పెడితే చాలు.

ఏది లోపల, ఏది కుండలో

పెద్దవాళ్ల మాట ఇక్కడ ఎక్కువ గెలుస్తుంది. వేడి గిన్నె ఫ్రిజ్జులో పెట్టొద్దంటారు వాళ్లు. వండినదాన్ని ఎక్కువసేపు బయట ఉంచొద్దంటుంది ఆహార భద్రత శాస్త్రం. మామూలుగా రెండు గంటలంటారు, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఒక్క గంటే. మన వేసవికి వర్తించేది ఆ ఒక్క గంటే. రెండూ పాటించే మార్గం ఉంది. అన్నం, పప్పు వెడల్పు పళ్లెంలో పరిచి, పళ్లేన్ని చల్లనీళ్ల తొట్టిలో ఉంచి, చల్లారగానే మూతపెట్టి లోపల పెట్టాలి. ఉదయం నూరిన ఊరిబిండి, తోడుకున్న పెరుగు సాయంత్రందాకా బయట ఉంచకూడదు. పచ్చి మాంసం అన్నిటికన్నా కింది అరలో, రసం కారని గిన్నెలో ఉండాలి.

లోపల పెట్టకూడనివీ ఉన్నాయి. వాటిలో మొదటిది బంగినపల్లి మామిడి. కాయ పండకముందే ఫ్రిజ్జులో పెడితే చలిదెబ్బ తిని తోలు నల్లబడుతుంది, తియ్యదనం రాదు. గడ్డిలో మాగేసి, పండాక తినబోయే ముందు గంటసేపు పెడితే చాలు. కృష్ణాపురం ఉల్లి, ఉర్లగడ్డ, అరటి గాలి ఆడే బుట్టలో ఉండాలి.

తాగేనీళ్లు కుండలో ఉండాలన్నది నా గట్టి సలహా. మన పొడిగాలిలో కుండ చాలా బాగా పని చేస్తుంది. గాలి 42 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే, కుండ గోడల మీద నీరు ఆరుతున్నకొద్దీ లోపలి నీళ్లు 24 డిగ్రీల దగ్గరికి దిగే వీలుంది. ఉక్కపోసే విశాఖలో ఇది సాధ్యం కాదు. ఇంటిల్లిపాదికీ పది సీసాలు ఫ్రిజ్జులో పెట్టి రోజంతా తలుపు తీస్తుంటే ఆ భారమంతా కంప్రెసర్ మోయాలి. నీళ్లు కుండకు అప్పజెబితే ఫ్రిజ్జు పాలు, పెరుగు, మందులు చూసుకుంటుంది.

మందుల్లో ఇన్సులిన్‌ది ప్రత్యేక స్థానం. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజరు దగ్గర పెట్టి గడ్డకట్టిస్తే పనికిరాదు. తలుపు అరలో వేడి మారుతుంటుంది కనుక నడిమి అరలో డబ్బాలో పెట్టాలి. వాడుకలో ఉన్న సీసాను 30 డిగ్రీల లోపు ఉంచితే చాలా రకాలు దాదాపు నాలుగు వారాలు బాగుంటాయి. కరెంటు లేని మధ్యాహ్నాల్లో ప్లాస్టిక్ సంచిలో బిగించి, నీళ్లు పోసిన కుండలోపల చిన్న గిన్నెలో పెడితే ఆ హద్దు దాటకుండా కాపాడుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోతే ఫ్రిజ్జు చలువ నాలుగు గంటలు నిలుస్తుందని చెబుతారు. ఆ లెక్క మన గదుల వేడికి కాదు. ఇక్కడ అంతకన్నా తక్కువే లెక్కేసుకోవాలి.

వరద తర్వాత

కరవు సీమ అంటాం గానీ వరదలూ మనల్ని వదల్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. నీళ్లు తీశాక వీధుల్లో బురదపట్టిన ఫ్రిజ్జులు వరసగా పడి ఉన్న దృశ్యం ఆనాడు చూసినవాళ్లు మరువలేరు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయినప్పుడూ అంతే. మునిగిన ఫ్రిజ్జును ఆరగానే ప్లగ్గులో పెట్టడం ప్రాణాపాయం. కంప్రెసర్ మూసి ఉన్న డబ్బా కనుక బతికే అవకాశం ఉంది. రిలే, ఓవర్‌లోడ్, వైరింగ్ మార్చి, మెగ్గర్‌తో కొలిచాకే కరెంటు ఇవ్వాలి. గోడల్లోని ఫోమ్ నీళ్లు తాగి ఉంటే ఫ్రిజ్జు మళ్లీ చలువ నిలుపుకోలేదు. మురుగు ఫోమ్‌లోకి దిగిన ఫ్రిజ్జులో తిండి పెట్టకూడదు. దాన్ని వదులుకోవడమే మంచిది.

బాగు చేయించాలా, మార్చాలా

మా నాన్న కొన్న ఫ్రిజ్జు 165 లీటర్ల ఆల్విన్. 1942లో హైదరాబాదులో మొదలైన ఆ సంస్థ ఫ్రిజ్జులు ఒకప్పుడు సీమ ఇళ్లలో గౌరవంగా నిలబడ్డాయి. రాగి గొట్టాలు, చేతికందే భాగాలు. ఏది పోయినా విప్పి బిగించేవారు. ఇప్పటి గొట్టాలు ఫోమ్ లోపల దాగి ఉన్నాయి. అక్కడ చిల్లు పడితే చాలాసార్లు బాగు చేయడం కుదరదు. కానీ ఇప్పటివి కరెంటు ఎంతో తక్కువ తింటాయి. బీఈఈ స్టార్ లేబుల్ 2006లో మొదలైంది, 2010లో ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్జులకు తప్పనిసరి అయింది. కొనేటప్పుడు నక్షత్రాల కన్నా కింద రాసిన సంవత్సరపు యూనిట్ల అంకె చూడండి. అది ప్రయోగశాల కొలత. మన వంటింట్లో అంతకన్నా ఎక్కువే అవుతుంది. అయినా రెండు మోడళ్లను పోల్చుకోవడానికి అదే సరైన ఆధారం.

రిలే, థర్మోస్టాట్, రబ్బరు, ఫ్యాను, హీటరు పోతే వయసు చూడకుండా బాగు చేయించండి. పదేళ్లు దాటిన ఫ్రిజ్జులో కంప్రెసర్ పోతే, లేదా ఫోమ్ లోపల చిల్లు పడితే మార్చండి. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అన్నచోట గ్యాస్, కూలి అందులో కలుస్తాయో లేదో కొనకముందే రాతపూర్వకంగా అడగండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. పాత ఫ్రిజ్జును గొట్టాలు నరికి గ్యాస్ గాలికి వదిలేసే వాళ్లకు కాకుండా, ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం తీసుకునే చోట అప్పజెప్పండి.

ఇన్ని గొంతులు విన్నాక నా తీర్పు ఇది. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడంలో కంపెనీ పుస్తకానిది పైచేయి. మన కరెంటు, మన దుమ్ము గురించి మెకానిక్‌ది. తిండి, నీళ్ల గురించి పెద్దవాళ్లది. సీమ ఇళ్లలో ఫ్రిజ్జు జబ్బులుగా కనిపించేవి చాలావరకు ఇంటి జబ్బులే. అందుకే విప్పే ముందు ఇంటిని చూడాలి.

వచ్చే ఉగాదికి ఇల్లు కడిగేటప్పుడు ఫ్రిజ్జును కూడా గోడ నుంచి ఇవతలికి లాగండి. వెనక దుమ్ము దులపండి. తలుపు రబ్బరు నోటుతో పరీక్షించండి. ఎర్త్ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోయండి. తాగేనీళ్లకు ఒక కొత్త కుండ కొనండి. ఒక్క పూట పని. ఎండాకాలమంతా ఇంట్లో పిల్లల పాలు, పెద్దల మందులు, వట్టికాళ్లతో తలుపు తీసే అమ్మ క్షేమంగా ఉంటారు.